గిట్ కమాండ్ తీరు మార్చాలని ప్రతిపాదించడం ఎలా: సమస్య రాసుకోవడం నుంచి ప్యాచ్ విలీనం దాకా

"గిట్‌లో ఈ కమాండ్ ఇలా ఉండకూడదు, ఎవరికి చెప్పాలి? చెబితే వింటారా?" కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్ గిట్ గురించి మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల నుంచీ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచీ ఈ ప్రశ్న తరచూ వస్తోంది. వింటారు. కాకపోతే ప్రతిపాదన చదివేవాళ్లు మూడు విషయాలు చూస్తారు: ఇప్పుడున్న తీరువల్ల ఎవరికి ఇబ్బంది, మార్పువల్ల ఎవరికి ఇబ్బంది, ఆ రెండోవాళ్లకు మీరు చూపించే దారి. మొదటిది అందరూ రాస్తారు. తిరస్కరణకు గురయ్యే ప్రతిపాదనల్లో ఎక్కువగా లోపించేది మిగతా రెండే.

తెలుగువాళ్లకు నేరుగా తగిలే సమస్యనొకదాన్ని ఉదాహరణగా తీసుకుని చివరిదాకా నడుద్దాం. రిపాజిటరీలో, అంటే గిట్ చరిత్ర దాచే ఫోల్డర్‌లో, "హాజరు" అనే పేరుతో ఒక ఫైల్ పెట్టి, ఏ ఫైళ్లు మారాయో చూపే గిట్ స్టేటస్ కొట్టండి. తెర మీద "హాజరు" కనిపించదు. "\340\260\271\340\260\276..." అంటూ అంకెల వరస కనిపిస్తుంది. కారణం కోర్.కోట్‌పాత్ అనే సెట్టింగ్. అది డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. ఆన్‌లో ఉంటే ఆస్కీ పరిధి (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) దాటిన ప్రతి బైట్‌నూ ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారిత, అంకెలుగా రాస్తుంది. "హాజరు"లో యూనికోడ్ లెక్కన ఐదు గుర్తులు, ఒక్కోటి మూడు బైట్లు, ఒక్కో బైట్‌కు తెర మీద నాలుగు అక్షరాలు. అలా ఆ చిన్న పేరు 60 అక్షరాల పొడవవుతుంది.

ఇక్కడ కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

## 1. ఫిర్యాదును సమస్యగా రాసుకోండి

"స్టేటస్ అసలు అర్థం కాదు" అన్నది ఫిర్యాదు. దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. నాలుగు వాక్యాలు రాయండి:

- ఎవరు: తెలుగు పేర్లున్న ఫైళ్లతో పనిచేసేవాళ్లు
- ఏం చేయబోయారు: ఏ ఫైల్ మారిందో చూసి దాన్ని మాత్రమే గిట్ యాడ్‌తో చేర్చాలనుకున్నారు
- ఏం కనిపించింది: పేరు బదులు ఆక్టల్ అంకెలు
- దానివల్ల ఏమైంది: ఏ ఫైలో గుర్తుపట్టలేక "గిట్ యాడ్ చుక్క" కొట్టారు, అక్కర్లేని ఫైళ్లూ కమిట్‌లోకి (గిట్ ఒకేసారి నమోదు చేసే మార్పుల మూటలోకి) వెళ్లాయి

నాలుగో వాక్యమే ప్రతిపాదనకు బలం. చూడ్డానికి బాగోలేదన్న వాదన కంటే తప్పు కమిట్ జరుగుతోందన్న వాదనకు స్పందన వస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు సమస్యలోనే పరిష్కారాన్ని కలిపేయడం. "డీఫాల్ట్‌ను ఆఫ్ చేయాలి" అనేది సమస్య కాదు. రాసినదాంట్లో "చేయాలి", "ఉండాలి" అని ముగిసే వాక్యాలన్నీ తీసేసి మళ్లీ చదవండి. ఏమీ మిగలకపోతే సమస్య ఇంకా దొరకలేదని అర్థం.

## 2. తాజా సోర్స్ మీద మళ్లీ చూడండి

మీ మెషీన్‌లో ఉన్న గిట్ రెండు మూడేళ్ల పాతది కావచ్చు. మీరు కోరే మార్పు ఈపాటికే వచ్చి ఉండొచ్చు. కొత్త బ్రాంచ్‌ను మొదటిసారి పుష్ చేసినప్పుడు అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లోని జంట బ్రాంచ్) సెట్ చేయమని గిట్ ఆపేస్తుందని విసుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దానికి పుష్.ఆటోసెటప్‌రిమోట్ అనే సెట్టింగ్ 2.37 వెర్షన్‌లో, అంటే 2022లోనే వచ్చింది.

1. గిట్ సోర్స్‌ను క్లోన్ చేసి మాస్టర్ బ్రాంచ్ మీద ఉండండి.
2. ఉబుంటులో సి కంపైలర్, మేక్, గెట్‌టెక్స్ట్‌తో పాటు కర్ల్, ఎక్స్‌ప్యాట్, జెడ్‌లిబ్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు పెట్టుకోండి.
3. డెవలపర్=1 అని ఇచ్చి మేక్ చేయండి. కంపైలర్ హెచ్చరికలు కఠినంగా వస్తాయి. మీ కోడ్‌ను ఇతర డెవలపర్లు చదివే రివ్యూలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చూసుకోవడం మేలు.
4. ఇన్‌స్టాల్ చేయొద్దు. బిన్-రాపర్స్ డైరెక్టరీలోని గిట్‌ను నేరుగా నడపండి. రోజువారీ గిట్ చెక్కుచెదరదు.

కంపెనీ ల్యాప్‌టాప్‌లో సిస్టమ్ స్థాయి కాన్ఫిగ్, ఎవరో పెట్టిన ఏలియాస్‌లు (కమాండ్లకు సొంత పొట్టి పేర్లు) ఉంటాయి. హోమ్ వేరియబుల్‌ను ఖాళీ డైరెక్టరీకి చూపించి, గిట్_కాన్ఫిగ్_నోసిస్టమ్=1 ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పుడూ సమస్య వస్తేనే అది గిట్ సమస్య. విండోస్‌లో మాత్రమే వస్తుంటే గిట్ ఫర్ విండోస్ దగ్గర అడగాలి, అది సొంత మార్పులతో విడిగా విడుదలయ్యే ప్రాజెక్టు.

## 3. పాత చర్చ వెతకండి

గిట్ చర్చలన్నీ ఒక బహిరంగ మెయిలింగ్ లిస్ట్‌లోనే జరుగుతాయి. వాటి భండారం లోర్.కెర్నల్.ఆర్గ్‌లో ఉంది. సెట్టింగ్ పేరుతో, కమాండ్ పేరుతో, తెర మీద వచ్చే సందేశంలోని మాటలతో విడివిడిగా వెతకండి.

సోర్స్‌లోనూ వెతకాలి. గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి సంబంధిత వేరియబుల్ పేరు ఇస్తే అది ఏ కమిట్‌లో వచ్చిందో, ఎక్కడెక్కడ మారిందో దొరుకుతుంది. మన ఉదాహరణకు కోట్.సి ఫైల్‌లోని కోట్_పాత్_ఫుల్లీ చూడాలి. గిట్ కమిట్ సందేశాలు పొడవుగా, కారణాలతో ఉంటాయి. అప్పుడు ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో తెలిస్తే, ఆ కారణం ఇవాళ్టికీ నిలుస్తుందా లేదా అన్నదే మీ వాదన అవుతుంది.

పాత చర్చలో ఎవరో అడిగి తిరస్కరణకు గురై ఉంటే దాన్ని దాచకండి. లింకు ఇచ్చి, అప్పటి అభ్యంతరానికి ఇప్పుడు మీ జవాబేమిటో రాయండి.

## 4. వాడేవాళ్ల పక్కన కూర్చుని చూడండి

ఐదారుగురు చాలు. కానీ ఒకే టీమ్‌వాళ్లు వద్దు. అమీర్‌పేటలో నెల క్రితం గిట్ మొదలుపెట్టిన విద్యార్థి, హైటెక్ సిటీలో పదేళ్లుగా వాడుతున్న ఇంజినీర్, తెలుగు పాఠ్యాల మీద పనిచేసే మనిషి, స్క్రిప్టులు నడిపే డెవ్‌ఆప్స్ మనిషి, ఇలా కలిసి ఉండాలి.

ఒక్కొక్కరికీ ఒకే పని ఇవ్వండి: "ఈ ఫోల్డర్‌లో మూడు తెలుగు ఫైళ్లు మారాయి. హాజరు పట్టీ ఒక్కటే కమిట్ చేయండి." ఇక నోరు మెదపకండి. మధ్యలో "ఇప్పుడు తెర మీద ఏం కనిపిస్తోందండీ?" అని మాత్రం అడగొచ్చు. "ఇది కష్టంగా ఉంది కదా?" అని అడిగారంటే మర్యాదకైనా అవునంటారు, ఆ జవాబు పనికిరాదు.

టైప్ చేసిన ప్రతి కమాండ్ వరసగా రాసుకోండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వేరే దారి వెతికారు అన్నవే మీకు కావలసింది. "ఇది బాగుంటుంది, అది బాగుంటుంది" అన్న సలహాలను పక్కన పెట్టండి. పేర్లు, కంపెనీ వివరాలు, స్క్రీన్ మీది క్లయింట్ కోడ్ ప్రతిపాదనలోకి రాకూడదు.

## 5. ఎంత చిన్న మార్పుతో పని జరుగుతుందో తేల్చండి

కమాండ్ తీరు మార్చడానికి మెట్లున్నాయి. ఒకటి అన్నింటికంటే కింది మెట్టు, పైకి వెళ్లేకొద్దీ ఒప్పించడం కష్టం:

1. డాక్యుమెంటేషన్‌లో స్పష్టత
2. సందేశం మాటల మార్పు
3. కొత్త సూచన, అంటే "ఇలా చేయొచ్చు" అని చెప్పే హింట్
4. కొత్త ఆప్షన్
5. కొత్త కాన్ఫిగ్ సెట్టింగ్
6. కొత్త కమాండ్
7. డీఫాల్ట్ మార్పు
8. పాతదాన్ని తొలగించడం

మొదటిసారి పంపేవాళ్లు చాలామంది నేరుగా ఏడో మెట్టు మీద కాలు పెడతారు. సమస్యను తీర్చగల అతి కింది మెట్టు ఏదో వెతకండి. మన ఉదాహరణలో సెట్టింగ్ ఉంది, కానీ అది ఉన్నట్టు వాడేవాళ్లకు తెలియదు. కాబట్టి మూడో మెట్టు సరిపోతుంది: గిట్ స్టేటస్ అలాంటి పేరును ఆక్టల్‌లో చూపించినప్పుడు, కోర్.కోట్‌పాత్ ఆఫ్ చేస్తే పేరు అక్షరాల్లో కనిపిస్తుందని ఒక్క లైనులో చెప్పడం.

ఐదో మెట్టు గురించి ఒక మాట. "గొడవెందుకు, కాన్ఫిగ్ పెట్టేద్దాం" అనిపిస్తుంది. ఇబ్బంది పడే కొత్తవాళ్లకు ఆ కాన్ఫిగ్ సంగతి ఎప్పటికీ తెలియదు. పైగా ప్రతి కొత్త సెట్టింగ్‌తో పరీక్షించాల్సిన కలయికలు పెరుగుతాయి. అందుకే రివ్యూ చేసేవాళ్లు దీన్ని గట్టిగా ప్రశ్నిస్తారు.

## 6. మార్పువల్ల ఎవరికి దెబ్బో ముందే రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

గిట్ కమాండ్లు రెండు రకాలు. మనుషులు వాడే పైపొర పోర్సిలిన్, స్క్రిప్టుల కోసం ఉన్న లోపొర ప్లంబింగ్. ప్లంబింగ్ అవుట్‌పుట్ మారకూడదు. పోర్సిలిన్ మారొచ్చు, కానీ జాగ్రత్తగా. పేర్లలో ఒక తిరకాసు ఉంది: గిట్ స్టేటస్‌కు పోర్సిలిన్ అనే ఆప్షన్ ఇస్తే వచ్చేది స్క్రిప్టుల కోసం స్థిరంగా ఉంచిన రూపం. అందులో ఒక్క అక్షరం కూడా కదలకూడదు.

నిజానికి పైపొర పోర్సిలిన్ కమాండ్ల అవుట్‌పుట్‌ను, మాటలు వెతికే గ్రెప్ టూల్‌తో చదివే స్క్రిప్టులు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. అలా చేయొద్దని డాక్యుమెంటేషన్‌లో ఉందన్న వాదన నిజమే, కానీ ఆ స్క్రిప్టు రేపు రిలీజ్‌ను ఆపేస్తే అంతా గిట్‌నే తిడతారు. అందుకే వీటిని ఒక్కొక్కటిగా చూడండి:

- స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి వెళ్లేది ఏమైనా మారుతోందా? స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వెళ్లేది మారుతోందా?
- ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు కమాండ్ తిరిగిచ్చే అంకె) మారుతోందా? ఒక పని మధ్యలో ఆగిపోతే గిట్ సాధారణంగా 128, వాడకం తప్పైతే 129 ఇస్తుంది. కోడ్‌ను తమంతట తామే పరీక్షించే సిఐ పైప్‌లైన్లు వీటిని చూస్తాయి.
- కొత్త ఆప్షన్ పేరు పాత ఆప్షన్ పొట్టి రూపంతో ఢీకొంటుందా? పెద్ద ఆప్షన్లను మొదటి కొన్ని అక్షరాలతో రాసినా గిట్ గుర్తుపడుతుంది. అదే అక్షరాలతో కొత్తది చేర్చగానే పాత స్క్రిప్టులో ఆ పొట్టి రూపం దేనికో తేలక ఆగిపోతుంది.
- కొత్త కమాండ్ పేరుతో ఎవరికైనా ఏలియాస్ ఉంటుందా? గిట్ సొంత కమాండ్ పేరున్న ఏలియాస్‌ను పట్టించుకోదు. కొత్త కమాండ్ రాగానే ఆ ఏలియాస్ చప్పుడు లేకుండా చచ్చిపోతుంది.
- ఎడిటర్ ప్లగిన్లు, గ్రాఫికల్ టూల్స్ ఈ అవుట్‌పుట్ చదువుతాయా?
- లక్షల ఫైళ్లున్న రిపాజిటరీలో వేగం తగ్గుతుందా? గిట్ స్టేటస్‌ను కొందరు ప్రాంప్ట్‌లోనే నడుపుతారు.

ఇదే జాబితాను మన ఉదాహరణకు పెడితే, డీఫాల్ట్‌ను ఆఫ్ చేయమనడం ఎందుకు తేలిక కాదో బయటపడుతుంది. ఫైల్ పేరు లినక్స్‌లో కేవలం బైట్ల వరస, అది సరైన యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) కావాలన్న నియమం లేదు. 128 నుంచి 159 దాకా ఉన్న బైట్లను కొన్ని టెర్మినల్స్ నియంత్రణ సంకేతాలుగా తీసుకోగలవు. మార్పులను చూపే డిఫ్ హెడర్లలోనూ ఈ పేర్లే వెళ్తాయి, ఆ డిఫ్‌లే ప్యాచ్‌లుగా మెయిల్‌లో ప్రయాణిస్తాయి. పైగా చాలా టెర్మినల్స్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా అతకవు, కొన్నిచోట్ల డబ్బాలు వస్తాయి.

హింట్‌కూ ఇబ్బందులున్నాయి. టాబ్, డబుల్ కోట్, బ్యాక్‌స్లాష్ ఉన్న పేర్లను సెట్టింగ్ ఆఫ్‌లో ఉన్నా గిట్ ఎస్కేప్ చేస్తుంది. పేరులో టాబ్ మాత్రమే ఉన్నప్పుడు హింట్ చూపిస్తే అది అబద్ధమవుతుంది. పేరు సరైన యూటీఎఫ్-8 కానప్పుడు చూపిస్తే, మాట విన్న మనిషికి తెర నిండా చెత్త కనిపిస్తుంది. ఈ రెండు సందర్భాలనూ మీరే ముందుగా రాస్తే రివ్యూలో సగం ప్రశ్నలు పుట్టవు.

## 7. డీఫాల్ట్ మార్చక తప్పకపోతే

మూడు పాత మార్పులు చూడండి, మూడూ మూడు దారులు.

గిట్ పుష్ విషయంలో మొదట "సింపుల్" అనే కొత్త పద్ధతిని సెట్టింగ్‌గా తెచ్చారు. తర్వాత సెట్టింగ్ పెట్టుకోనివాళ్లకు హెచ్చరిక చూపించారు. చివరికి 2014లో 2.0తో దాన్ని డీఫాల్ట్ చేశారు.

గిట్ పుల్‌లో, రెండువైపులా కమిట్లున్నప్పుడు మెర్జా (రెండింటినీ కలపడం) రీబేసా (మన కమిట్లను అవతలివాటి మీదికి ఎక్కించడం) చెప్పమని 2020లో 2.27 హెచ్చరించింది. 2021లో 2.33.1 నుంచి చెప్పకపోతే ఆగిపోతుంది. మధ్యలో ఏడాదికి పైగా గడువు దొరికింది.

గిట్ చెకౌట్ బ్రాంచ్ మారుస్తుంది, ఫైళ్లనూ వెనక్కి తెస్తుంది. ఆ గందరగోళానికి 2019లో 2.23తో స్విచ్, రిస్టోర్ అనే రెండు కొత్త కమాండ్లు వచ్చాయి. చెకౌట్‌ను ముట్టుకోలేదు.

మీ ప్రతిపాదనలో ఈ నాలుగూ ఉండాలి:

- పాత తీరును అలాగే ఉంచుకునే సెట్టింగ్
- హెచ్చరిక ఎప్పుడు, ఎవరికి మాత్రమే కనిపిస్తుంది
- ఆ హెచ్చరికను ఆపే మార్గం
- అసలు మార్పు ఎప్పుడు, ఏ షరతు తీరాక

హెచ్చరిక అందరికీ ప్రతిసారీ కనిపిస్తే జనం చదవడం మానేస్తారు. మార్పు తగిలే సందర్భంలోనే చూపించండి.

## 8. సందేశం మాటలు

గిట్ సోర్స్‌లో కోడింగ్‌గైడ్‌లైన్స్ అనే ఫైల్ ఉంది. ఎర్రర్ సందేశం చిన్న అక్షరంతో మొదలవ్వాలి, ఒకే వాక్యమైతే చివర చుక్క పెట్టకూడదు, తప్పేమిటో ముందు చెప్పాలి. ఫైల్ పేర్లను సింగిల్ కోట్స్‌లో పెట్టాలి.

తర్జుమా సంగతి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు, క్రియ మనకు చివరికొస్తుంది. "తెరవలేం" ఒక ముక్క, ఫైల్ పేరు ఒక ముక్క, కారణం ఒక ముక్కగా కోడ్‌లో అతికిస్తే ఏ అనువాదకుడూ దాన్ని సరిచేయలేడు. వాక్యం మొత్తం ఒకే స్ట్రింగ్‌గా ఉండాలి, అనువాదం కోసం గుర్తు పెట్టి ఉండాలి.

పదాల ఎంపికలో కొత్తది కనిపెట్టకండి. గిట్‌లో ఒకే చోటును ఇప్పటికే ఇండెక్స్, క్యాష్డ్, స్టేజ్డ్ అని మూడు రకాలుగా పిలుస్తారు. నాలుగోది వద్దు.

## 9. కోడ్ కంటే ముందు టెస్టులు

టెస్టులన్నీ టి అనే డైరెక్టరీలో షెల్ స్క్రిప్టులుగా ఉంటాయి. పేర్ల కోటింగ్‌కు టి3902, స్టేటస్‌కు టి7508 ఉన్నాయి. కొత్త ఫైల్ పెట్టకుండా వీటిలోనే చేర్చండి. ఒక్క స్క్రిప్టును వివరంగా, మొదటి తప్పు దగ్గర ఆగేలా నడపడానికి చిన్న వి, చిన్న ఐ ఆప్షన్లు ఇవ్వండి.

హింట్ ఎప్పుడు రాకూడదో పరీక్షించడమే అసలు పని:

- తెలుగు పేరుంటే రావాలి
- అన్నీ ఇంగ్లిష్ పేర్లైతే రాకూడదు
- కోట్‌పాత్ ఆఫ్‌లో ఉంటే రాకూడదు
- అడ్వైస్.స్టేటస్‌హింట్స్ ఆఫ్‌లో ఉంటే రాకూడదు
- షార్ట్, పోర్సిలిన్, జెడ్ ఆప్షన్లతో రాకూడదు
- టాబ్ మాత్రమే ఉన్న పేరుకు రాకూడదు
- కమిట్ సందేశం రాయడానికి తెరుచుకునే ఎడిటర్‌లో రాకూడదు, అక్కడికీ స్టేటస్ పాఠమే వెళ్తుంది

టెస్టులో పేరు ఎంచుకునేటప్పుడు "హైదరాబాద్" పెట్టాలనిపిస్తుంది. ఐత్వం గుర్తును యూనికోడ్ రెండు గుర్తులుగా విడగొట్టగలదు: ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ పేర్లను అలా విడగొట్టి దాచుతుంది. బైట్లు మారిపోయి, మీ లినక్స్‌లో పాసైన టెస్టు అక్కడ ఫెయిల్ అవ్వొచ్చు. ఐత్వం లేని "హాజరు"తో ఆ బెడద లేదు.

చివరగా మొత్తం మేక్ టెస్ట్ నడపండి. ఒక్క స్క్రిప్టు పాసైందని పంపేస్తే, ఆ సందేశాన్నే అక్షరం పొల్లుపోకుండా పోల్చే మరో టెస్టు ఎక్కడో విరుగుతుంది.

## 10. కమిట్ సందేశమే మీ ప్రతిపాదన

మొదటి లైను: ఏ భాగమో, కోలన్, ఏం చేస్తోందో. 50 అక్షరాలు దాటకుండా చూడండి. తర్వాత పేరాల వరస ఇది:

1. ఇప్పుడు ఏం జరుగుతోంది, వర్తమాన కాలంలో
2. అది ఎవరికి ఎందుకు ఇబ్బంది
3. ఈ కమిట్ ఏం మారుస్తుంది, "ఇలా చేయి" అని ఆజ్ఞాపించే ధోరణిలో
4. పరిశీలించి వదిలేసిన దారులు, ఎందుకు వదిలేశారో

నాలుగోది మరిచిపోతారు. డీఫాల్ట్ ఎందుకు మార్చలేదో రెండు వాక్యాల్లో ఇక్కడే చెప్పండి.

గిట్ కమిట్‌కు చిన్న ఎస్ ఆప్షన్ ఇస్తే సైన్డ్-ఆఫ్-బై లైను చేరుతుంది. ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు మీకుందన్న హామీ అది. కాబట్టి ఉద్యోగ ఒప్పందంలో మేధోసంపత్తి నిబంధన ముందే చదివి, అవసరమైతే మేనేజర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు, మెయిల్‌లో పొడి అక్షరం, గిట్‌లో ఒంటి పేరు ఉండటం మనవాళ్లలో మామూలే. పంపే మెయిల్‌లోనూ సైనాఫ్‌లోనూ ఒకే రూపం ఉండాలి.

## 11. హైదరాబాద్ నుంచి పంపడం

రెండు దారులున్నాయి. ఒకటి గిట్ ఫార్మాట్-ప్యాచ్‌తో ప్యాచ్ తీసి గిట్ సెండ్-ఈమెయిల్‌తో ఆ మెయిలింగ్ లిస్ట్‌కు పంపడం. ఆఫీసు నెట్‌వర్క్ 587 పోర్ట్‌ను అడ్డుకుంటుంటే ఇంటి ఇంటర్నెట్ వాడండి. జీమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి, విడిగా యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. కంపెనీ మెయిల్ వద్దు, కింద చేరే గోప్యతా హెచ్చరిక బహిరంగ చర్చకు పనికిరాదు. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి ప్యాచ్ పేస్ట్ చేస్తే టాబ్‌లు చెడిపోతాయి. హెచ్‌టీఎంఎల్ మెయిల్ తిరస్కరణకు గురవుతుంది.

రెండోది గిట్‌గిట్‌గాడ్జెట్. గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెడితే అదే మెయిళ్లుగా మార్చి పంపుతుంది, లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటి మీదా టెస్టులు నడుస్తాయి. మొదటిసారైతే ఇప్పటికే అనుమతి ఉన్నవాళ్లెవరైనా మిమ్మల్ని అనుమతించాలి. ఆ తర్వాత సబ్మిట్ కామెంట్ పెట్టాలి. తొలి ప్యాచ్‌కు ఈ దారే సుఖం.

దిశ మీదే అనుమానముంటే ప్యాచ్ శీర్షికలో ఆర్ఎఫ్‌సీ అని చేర్చండి, అభిప్రాయం అడుగుతున్నారని తెలుస్తుంది. పంపే ముందు ఆఖరిసారి:

- ఒక్క కమిట్‌లో ఒక్క విషయమే ఉందా?
- డాక్యుమెంటేషన్ అదే కమిట్‌లో మారిందా?
- కోడ్ లైన్ల మొదట్లో ఖాళీల బదులు టాబ్‌లు ఉన్నాయా?
- మీ అడ్రస్‌కే ఒకసారి పంపుకుని, గిట్ ఏఎమ్‌తో అది అతుకుతుందో చూశారా?
- విడుదలకు ముందు వచ్చే ఆర్‌సీ దశలో పంపడం లేదు కదా? అప్పుడు అందరి దృష్టీ లోపాల మీదే ఉంటుంది.

## 12. జవాబులు వచ్చాక

అమెరికా పడమటి తీరంలో ఉదయం 9 అంటే మనకు వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. జవాబు అర్ధరాత్రి వస్తే అప్పుడే తిరిగి రాయకండి. మర్నాడు ప్రతి ప్రశ్న కిందా విడిగా జవాబివ్వండి. అంగీకరించనిదానికి కారణం రాయండి, మౌనంగా వదిలేస్తే చదవలేదనుకుంటారు.

రెండో కూర్పును అదే రోజు పంపొద్దు, మిగతావాళ్లూ చదవాలి. పంపేటప్పుడు వి2 అని గుర్తు పెట్టి, ఏం మారిందో రెండు కూర్పుల తేడా చూపే రేంజ్-డిఫ్‌తో జత చేయండి. "ఇది నాకు అక్కర్లేదు" అన్న జవాబు వస్తే నాలుగో అంచెలో రాసుకున్న గమనికలు బయటికి తీయండి. ఎంతమంది ఏ కమాండ్ దగ్గర ఆగారో చెప్పండి. వాదన కంటే అది నయం.

వారం దాటినా ఎవరూ పలకకపోతే అదే మెయిల్‌కు జవాబుగా మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ లేకపోతే తాజా మాస్టర్ మీద రీబేస్ చేసి, ఆ భాగంలో ఇటీవల పనిచేసినవాళ్లను గిట్ లాగ్‌లో చూసి సీసీలో పెట్టి మళ్లీ పంపండి.

ప్యాచ్ ముందు సీన్ అనే బ్రాంచ్‌లోకి వెళ్తుంది. అక్కడ కనిపిస్తే ఒప్పుకున్నట్టు కాదు, దృష్టిలో పడినట్టు మాత్రమే. తర్వాత నెక్స్ట్, ఆపైన మాస్టర్. "వాట్స్ కుకింగ్" అని మెయింటైనర్ (ప్రాజెక్టు బాధ్యత చూసే వ్యక్తి) తరచూ పంపే మెయిల్‌లో మీ బ్రాంచ్ పేరు పక్కన ఏ స్థితిలో ఉందో రాసి ఉంటుంది. నెక్స్ట్‌లోకి వెళ్లాక పాత ప్యాచ్‌ను మార్చి పంపకూడదు, సవరణ ఏదైనా దాని మీద కొత్త కమిట్‌గా రావాలి. మాస్టర్‌లోకి చేరాక కూడా తర్వాతి విడుదల దాకా ఆ మెయిళ్లు చూస్తూ ఉండండి, మీ మార్పువల్ల ఎవరి స్క్రిప్టైనా విరిగితే మొదట వెతికేది మిమ్మల్నే.